మొదటి నంబరు

నేను అబద్ధాలాడే మనిషిని కాను. ఈ సంగతి మా బంధువులందరికీ తెలుసు, కొందరికి నా మీద కోపం కూడా. పెళ్ళి భోజనంలో సాంబారు బాగాలేకపోతే వండించినవాళ్ళ మొహం మీదే చెప్పేస్తాను. నా కూతురి బీపీ నంబర్లు ఆసుపత్రికి పంపినన్నాళ్ళూ మిషన్ చూపించిన నంబర్లే పంపాను. ఒక్కటీ కల్పించలేదు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

నా కూతురికి అది తొలి కాన్పు. ఆరో నెల రాగానే కాళ్ళు వాచాయి, బీపీ పెరిగింది. రాజపాళయంలో మేం చూపించుకునే డాక్టరమ్మ మాత్రలు రాసి, ఒక బీపీ మిషన్ ఇంటికిచ్చింది. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి, రెండుసార్లు వచ్చిన నంబర్లూ ఫోన్‌లో నర్సుకు పంపాలి. పైది నూట నలభై దాటినా, కిందది తొంభై దాటినా, మనిషి ఎంత కులాసాగా ఉన్నా సరే, వెంటనే బయల్దేరి రావాలి.

అలా ఇంటి నుంచి నంబర్లు పంపే గర్భిణులందరినీ కనిపెట్టి ఉండేది ఒక్క నర్సమ్మాయి. తళవాయిపురం పిల్ల, రోజూ బస్సులో వచ్చిపోయేది. ఈ తమిళ సీమలో మాలాగే వాళ్ళింట్లోనూ తెలుగే అని తెలిసిన క్షణం నుంచి నన్ను అత్తా అనడం మొదలుపెట్టింది. పట్టీ ఎలా చుట్టాలో నా చేత మూడుసార్లు చుట్టించి మరీ నేర్పింది.

“అయిదు నిమిషాలు ఊరికే కూచోబెట్టండత్తా, మాట్లాడనియ్యొద్దు. ఏ నంబరు వచ్చినా సరి, నాకు పంపండి. బాగలేని నంబరే నాకు ముఖ్యం” అంది.

నా కూతురు పిరికిది. “నంబరు చూస్తేనే నాకు దడ వస్తాదమ్మా. నువ్వే చూసుకో, నాకు చెప్పొద్దు” అంది. అలా ఆ పని పూర్తిగా నా చేతికి వచ్చింది.

మాది పచారీ కొట్టు. ముప్పై ఏళ్ళుగా మా ఆయన పక్కన కూర్చుని బేరాలు చూసినదాన్ని. మా ఇళ్ళల్లో పొద్దున్నే ‘లేదు’ అనే మాట నోట రానివ్వరు. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం. బోణీకి వచ్చినవాళ్ళు అడిగిన సరుకు కొట్లో లేకపోతే, మరొకటేదో అంటగట్టి పంపుతాం గానీ ఉత్త చేతులతో పోనివ్వం. తొలి మాట మంచిదైతే రోజంతా మంచే జరుగుతుంది. ఇది మా అత్త నేర్పింది. ఆవిడ నేర్పినవాటిలో నేను ఎదురు చెప్పనిది ఇదొక్కటే.

మిషన్ తెచ్చిన మర్నాడు పొద్దున మొదటిసారి చూస్తే పైది నూట నలభై నాలుగు. పొద్దున్నే ఈ కబురా పంపడం అనిపించింది. తక్కెడ ముల్లు ఇంకా నిలవలేదనుకున్నాను. కాసేపాగి మళ్ళీ చూస్తే నూట ముప్పై ఆరు వచ్చింది. అదొక్కటే పంపాను. నర్సమ్మాయి బొటనవేలు బొమ్మ పంపింది. ఆ బొమ్మ చూస్తే నాకెంత హాయిగా ఉండేదో! తర్వాత అదే అలవాటైపోయింది. మూడుసార్లు, ఒక్కోరోజు నాలుగుసార్లు చూసి, అన్నిట్లోకీ తక్కువది పంపేదాన్ని.

ఒకనాడు అది మా ఆయన కంటబడింది.

“రెండూ పంపమన్నారు గదే?” అన్నాడు.

“పొద్దున్నే బోణీకి కీడు మాట పంపమంటావా? మన కొట్లో అట్లా చేస్తామా?”

“అది కొట్టు, ఇది ఆస్పత్రి.”

“అబ్బో, పెద్ద డాక్టరు వచ్చినాడు” అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మా ఇంట్లో నాతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. అది నా గొప్పదనం అనుకునేదాన్ని.

ఏడో నెలలో గాజుల వేడుకకు ఆదివారం ముహూర్తం పెట్టాం. సేత్తూరు నుంచి అల్లుడి వైపువాళ్ళు, చోళపురం నుంచి మా ఆడపడుచు కుటుంబం, అందరికీ పిలుపులు అయిపోయాయి. శుక్రవారం పొద్దున నా కూతురు తల పట్టుకుని లేచింది. కూర్చోబెట్టి చూశాను. పైన నూట యాభై రెండు, కింద నూరు. మళ్ళీ చూశాను, నూట నలభై ఎనిమిది. నాలుగోసారికి గానీ నూట ముప్పై ఎనిమిదికి దిగలేదు. కిందది ఎనభై ఎనిమిది. ఆ నంబరు పంపాను. ఈసారి బొటనవేలు రాలేదు, ఫోనే వచ్చింది.

“అత్తా, అంచులో ఉండాది. ఇంకోసారి చూసినారు గదా, అది ఎంత వచ్చినాది?”

ముంగిట్లో పందిరి వేస్తున్నారు. గాజుల పెట్టెలు వచ్చి ఉన్నాయి. ఆసుపత్రికి పోతే చేర్చుకుంటారు, వేడుక ఆగిపోతుంది. ముహూర్తం పెట్టిన వేడుక ఆగితే బిడ్డకు మంచిది కాదని నా భయం. దాంతోపాటు నలుగురూ ఏమనుకుంటారోనన్న భయమూ ఉంది, దాచడం ఎందుకు.

“అదీ అంతే వచ్చినాదమ్మా” అన్నాను.

“తలనొప్పి ఏమన్నా ఉండాదా?”

“ఏమీ లేదు” అన్నాను.

శనివారం కూడా అలాగే, మంచి నంబరు వచ్చేదాకా చూసి పంపాను. ఆదివారం దాని రెండు చేతులకూ మోచేతుల దాకా గాజులు తొడిగారు. నా కూతురు అంత అందంగా ఎప్పుడూ కనబడలేదు. పులిహోర, పెరుగన్నం, కొబ్బరన్నం వడ్డిస్తున్నారు. “అమ్మా, కంటి ముందర ఏమో మినుకు మినుకుమంటాది” అంది. జనం ఎక్కువై ఉక్కపోస్తోంది, అందుకే అన్నాను. మజ్జిగ కలిపి తెచ్చేసరికి పక్కకు ఒరిగిపోయి, చేతులూ కాళ్ళూ కొట్టుకుంటోంది. గాజులు పగిలి చాపంతా చిందాయి. అల్లుడు ఎత్తుకుని కారులో వేసుకుని పరిగెత్తాడు.

వెంటనే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. నా కూతురికి తెలివి రావడానికి నాలుగు రోజులు పట్టింది. పిల్ల మూడు రోజులే బతికింది. కన్నతల్లి చూడలేదు, నేను చూశాను. అద్దాల పెట్టెలో చిటికెన వేలు కదిలిస్తూ పడుకుని ఉంది. చూడడానికి కూడా నాకు అర్హత లేదని నాకప్పుడే తెలుసు.

నెల తర్వాత నర్సమ్మాయి మా ఇంటికి వచ్చింది. నా కూతురు లోపల నిద్రపోతోంది. ఆ పిల్ల నా పక్కన నేల మీద కూలబడింది.

“అంచులో ఉండాదని తెలిసీ రమ్మనలేదత్తా. తప్పు నాదే. డాక్టరమ్మా అదే అన్నాది” అని ఏడ్చింది.

వీపు నిమిరాను. “నీ తప్పేముందమ్మా, మా రాత” అన్నాను. అంత పెద్ద మనసు నాది! ఆ తర్వాత ఆమె ఆ పని మానేసిందని విన్నాను. విని కూడా నోరు విప్పలేదు.

రెండేళ్ళకు నా కూతురికి మళ్ళీ నెల తప్పింది. మళ్ళీ మిషన్ ఇచ్చారు. నా కూతురు దాన్ని పట్టుకుని మా ఇంటికి వచ్చి, పట్టీ నా చేతిలో పెట్టి, “నువ్వే చూడమ్మా. నీ చేతిలో ఉంటే నాకు దిగులుండదు” అంది. ఆ మాట తట్టుకోవడం నా వల్ల కాలేదు. మొత్తం చెప్పేశాను, బోణీ దగ్గర్నుంచి శుక్రవారం ఫోను దాకా.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నా చేతిలోంచి పట్టీ తీసుకుని మడిచి సంచిలో పెట్టుకుంది.

“ఆ నర్సక్కకు చెప్పినావా?” అంది.

తల అడ్డంగా ఊపాను.

“పోయి చెప్పు” అని, చెప్పులేసుకుని సేత్తూరు బస్సెక్కింది. కాన్పుకు పుట్టింటికి వస్తుందో రాదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడే తళవాయిపురం వెళ్ళాను. ఆ నర్సమ్మాయి ఇప్పుడు ఒక రేకుల షెడ్డులో నైటీలు కుడుతోంది. నన్ను చూసి సంతోషంగా లేచి, స్టూలు తెచ్చి వేసింది. నేల చూస్తూ అంతా చెప్పాను. చుట్టూ మిషన్ల చప్పుడుకు గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది.

“ఆ శుక్రవారం మొదటి నంబరు ఎంతత్తా?” అని అడిగింది.

“నూట యాభై రెండు. కింద నూరు.”

కుట్టబోయిన గుడ్డను సూది కింద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“అది పంపి ఉంటే అప్పుడే పిలిపించి చేర్చి ఉందును” అంది. తర్వాత తలెత్తి, “అట్లయితే నేను నా పని సరిగ్గానే చేసినాను గదత్తా?” అని అడిగింది.

“చేసినావు తల్లీ” అన్నాను. ఆమె మా ఇంట్లో నేల మీద కూలబడి ఏడ్చిననాడే అనాల్సిన మాట.