దిల్‌సుఖ్‌నగర్ రక్తం, ఎల్బీనగర్ రక్తం

మా నర్సింగ్ కాలేజీ మేడమ్ పోయిన మంగళవారం చనిపోయారు. సంతాప సభలో అందరూ ఆమెను శాంతమూర్తి అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆమె దగ్గర చదువుకున్నదాన్ని, ఆమె కోపం నాకు తెలుసు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. మేడమ్‌ది కోస్తా, ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో. ఎదిగే ఆడపిల్లల్లో రక్తహీనత మీద పరిశోధన చేస్తూ మమ్మల్ని వెంటబెట్టుకుని బడులు తిరిగేవారు. దిల్‌సుఖ్‌నగర్ కాలనీల పిల్లలకూ, ఎల్బీనగర్ వెనక బస్తీల్లో నల్గొండ నుంచి వచ్చిన కూలీల పిల్లలకూ పరీక్షలు చేసేవాళ్లం. ఏ బడికెళ్లినా ముందు తన వేలికే సూది గుచ్చుకుని చూపించేవారు. పిల్లలు నవ్వేవాళ్లు.

ఒకరోజు బస్తీలో తొమ్మిదో తరగతి పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది. నెలసరి ఆగకుండా అవుతోంది.

"రెండుసార్లు దవాఖానకు పోయినం మేడమ్. వయసొచ్చిన పిల్లలకు గిట్లనే ఉంటదన్నరు" అంది తల్లి.

ఆ రోజు బంద్. మేడమ్ పిల్లను స్కూటీ మీద మధ్యలో కూర్చోబెట్టి, వెనక తల్లిని పట్టుకోమని ఆసుపత్రికి బయల్దేరారు. నేను వెనకాలే నడిచి వెళ్లాను. నేను చేరేసరికి, బెడ్ లేదు రేపు రమ్మంటున్నాడు డాక్టరు.

"మీ అమ్మాయైతే రేపు రమ్మంటారా?" అన్నారు మేడమ్.

రక్తం ఎక్కించేదాకా ఆమె గుమ్మం వదల్లేదు. నేనూ రక్తమిచ్చాను. పిల్ల బతికింది.

ఒకే రోడ్డు మీద ఆ చివరి కాలనీ పిల్లలకన్నా ఈ చివరి బస్తీ పిల్లలకు రక్తం అంత తక్కువ ఎందుకుందో మేడమ్ రిపోర్టు రాశారు. సమీక్షించిన పెద్దలు ఆ పోలిక తీసెయ్యమన్నారు. ఆంధ్రా ఆమె మా పిల్లల్ని రోగిష్టులంటదా అన్నాడట ఒకాయన. ఉద్యమకారుల చేతికి ఆయుధమిస్తున్నావన్నాడట ఇంకొకాయన. మేడమ్ తియ్యలేదు. అది అచ్చు కాలేదు.

"వాళ్లకి ప్రాంతాలు కనపడ్డాయమ్మా, పిల్లలు కనపడలేదు" అన్నారు నాతో.

రాష్ట్రం వచ్చింది. రిపోర్టు అక్కడే ఉండిపోయింది. దాన్ని ఆపిన పెద్దమనిషే మొన్న ఆమె ఫొటోకు దండ వేసి, ఆమె ఓర్పు గురించి మాట్లాడాడు.

నేను లేచాను. "సార్, ఆమె రిపోర్టు ఎందుకు ఆపిన్రు?"

టీ వచ్చిందని ఎవరో మైకులో చెప్పారు. అందరూ లేచారు.

బయటికొచ్చి ఎల్బీనగర్ బస్టాపులో నిలబడ్డాను. బడి వదిలారు. ఒక పిల్ల ఫుట్‌పాత్ మీద కూలబడి ఉంది. స్నేహితురాలు పరీక్ష అట్టతో విసురుతోంది. హయత్‌నగర్ బస్సు రాగానే ఆ పిల్ల లేచి, పాలిపోయిన వేళ్లతో కమ్మీ పట్టుకుని ఎక్కింది. అది నా బస్సు కాదు. నేనూ ఎక్కాను.