ఓణీ కొంగున ముడి

అరవైల చివర్లో, తొమ్మిదో తరగతిలో నేను కాంపోజిట్ లెక్కలు అడిగాను. అవి చదివితేనే కాలేజీలో లెక్కల గ్రూపు ఇచ్చేవారు. మా లెక్కల మేస్టారు నా కాగితం మీద ఆ మాట కొట్టేసి, 'జనరల్' అని రాసి, "రేపు పొయ్యి ఊదుకునేదానికి ఇన్ని లెక్కలెందుకు?" అన్నారు. క్లాసంతా నవ్వింది.

ఆ వారమే కోటబొమ్మాళిలో రైలెక్కి, కిటికీ పక్కన ఏడుస్తూ కూర్చున్నాను. ఎదురుగా భావనపాడు నుంచి ఎండుచేపల గంపతో వచ్చినావిడ ఉంది. "ఏటే గుంటా, ఎవులేటన్నారు?" అని అడిగితే అంతా చెప్పాను. ఆవిడ ఓదార్చలేదు. ముందుకు వంగి, నా ఓణీ కొంగు పట్టుకుని ముడి వేసి, పళ్ళతో బిగించింది.

"మాకు సదువు నేదమ్మా. మరిసిపోకూడనిది కొంగున ముడేసుకుంతాం. ఆడొచ్చి నిన్నడిగిన నాడు ఇప్పు. అందాకా ఇప్పీకు."

విజయనగరంలో వేరే బడిలో చేరి కాంపోజిట్ చదివాను. చాలా ఏళ్లకు, నేను లెక్కలు చెప్పే కాలేజీకి ఆ మేస్టారు మనవరాల్ని తీసుకొచ్చారు. నన్ను గుర్తుపట్టలేదు. "పిల్లకి లెక్కలంటే ప్రాణమండి, ఎం.పి.సి.లో సీటిప్పించండి" అన్నారు. వినబడలేదన్నాను. గది నిండా జనం ఉండగా మూడుసార్లు చెప్పించుకున్నాను. పిల్లకు సీటిప్పించాను. ఆయనకు మాత్రం కుర్చీ చూపించలేదు.

ఇంటికొచ్చి పెట్టెలోంచి ఓణీ తీశాను. ముడి విప్పబోయి ఆగాను. ఇంకా చాలలేదనిపించి, మళ్ళీ మడిచి లోపల పెట్టేశాను.