బాగున్న రోజు మందు

నా చిన్నప్పుడు, భావనపాడులో ఇంటింటికీ సెల్‌ఫోన్లు వచ్చేసిన రోజుల్లో, నా ఉబ్బసం మందు మాత్రం నాయనమ్మ ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతల మధ్య ఉండేది. అమ్మా నాన్నా గుజరాత్‌లో చేపల బోట్ల పనికి వెళ్లిపోవడంతో నేను తాతయ్య, నాయనమ్మల దగ్గరే పెరిగాను. ఆ పీల్చే మందు రోజూ రెండు పూటలా వాడాలనీ, ఆయాసం వచ్చాక దాంతో లాభం లేదనీ టెక్కలి డాక్టరు చెప్పాడు. నాయనమ్మ వింటేనా! అంత ఖరీదైన మందు బాగున్న పిల్లకెందుకని దాచేసేది. ప్రేమతోనే దాచింది పాపం.

ఆయాసం ముంచుకొచ్చిన రోజు ఆ మందు ఎంత పీల్చినా ఊపిరి అందేది కాదు. తాతయ్య నన్ను భుజాన వేసుకుని ఆటో కోసం పరుగెత్తేవాడు. నాయనమ్మ అమ్మాల్సిన చేపల గంప ఎక్కడిదక్కడ వదిలేసి వెనకాలే వచ్చేది. మళ్లీ ఇలా వస్తే పిల్ల దక్కదేమోనని ఆవిడ ఏడవడం ఆస్పత్రి మంచం మీద పడుకుని విన్నాను.

ఒక మధ్యాహ్నం వేట నుంచి వచ్చిన తాతయ్య ఇసుకలో కూర్చుని, కాలి బొటనవేలికి వల తగిలించుకుని, దారంతో ఏదో కన్నం మూస్తున్నాడు. నా వేలు కూడా పట్టని దానికి ఇంత తంటా ఎందుకని అడిగాను.

"సిన్నదే కదా అని ఒగ్గేత్తే వలంతా పోతాదే అమ్మా. బాగున్నప్పుడే సూసుకోవాల."

అంటూనే చెయ్యి ఆపేశాడు. కాసేపు నా వంకే చూశాడు. వల అక్కడే వదిలి, ఇంట్లోకి నడిచి, పెట్టె తియ్యమన్నాడు. రోజూ వాడితే ఇట్టే అయిపోతుందని నాయనమ్మ గొణిగింది. తాతయ్య గొంతు పెంచలేదు.

"అయిపోతే ఇంకోటి తెత్తాను. టెక్కలి పరిగెట్టినప్పుడల్లా ఎన్ని గంపల సేప కుళ్లిపోనాదో నెక్కెట్టావేటి? ఈ మందే సవక."

ఆ సాయంత్రం నుంచి రెండు పూటలా దగ్గరుండి పీల్పించేవాడు. పీల్చాక నోరు పుక్కిలించే దాకా కదిలేవాడు కాదు. ఉబ్బసం పూర్తిగా పోలేదు గానీ, ఆస్పత్రికి పరుగులు అరుదైపోయాయి. బడికి వెళ్లాను, పడవలు వస్తుంటే ఒడ్డు వెంట అందరు పిల్లల్లాగే పరుగెత్తాను.

తాతయ్య ఇప్పుడు లేడు. ఆయన కోసం మనసు కొట్టుకుంటూనే ఉంటుంది. ఏ బాధా లేని రోజు కూడా మానకుండా మందు పీలుస్తాను. విచిత్రం ఏమిటంటే, ఊపిరి హాయిగా ఆడుతున్నప్పుడే ఆయన మీద బెంగ ఎక్కువవుతుంది.