రేసు కారులో పెద్ద కోడలు

నాది ఫ్లెక్సీల పని. వనపర్తిలో ఒక చిన్న దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని పుట్టినరోజు శుభాకాంక్షలు, పెండ్లి స్వాగతాలు, శ్రద్ధాంజలి బ్యానర్లు తయారుచేస్తాను. ఈ పనిలో ఒక చెడ్డ సంగతి ఉంది. పుట్టినరోజుకు పంపిన ఫొటోయే ఒక్కోసారి మళ్లీ వస్తుంది. అవే నల్ల కళ్లద్దాలు, బండి మీద అదే వాటం. ఈసారి చుట్టూ ఉన్న బెలూన్లు తీసేసి దండ పెట్టాలి. పాత ఫైలు కంప్యూటర్లో ఉంటుంది కాబట్టి పని చిటికెలో అయిపోతుంది. అంత తొందరగా అయిపోవడమే నాకు భయం. ఇంట్లో ఎవరైనా బయటికి బయలుదేరితే చాలు, వాళ్ల ఫొటో నా దగ్గర ఏది ఉందా అని మనసు వెతకడం మొదలుపెడుతుంది. ఇది మంచి అలవాటు కాదని నాకూ తెలుసు.

ఇంత పిరికిదాన్ని కార్ల రేసులు చూస్తానంటే ఎవరూ నమ్మరు. చూస్తాను. చూడడమే కాదు, బొమ్మలు కూడా గీస్తాను. కారు గోడకు కొట్టుకుంటుంది, చక్రం ఊడి గాలిలోకి ఎగురుతుంది, నేను చున్నీ కొస నోట్లో కుక్కుకుంటాను. అంతలో ఆ ముక్కల్లోంచి ఒక మనిషి లేచి, నిలబడి, చూస్తున్నవాళ్లకు చెయ్యి ఊపుతాడు. ఆ చెయ్యి ఊపడం కోసమే నేను రేసులు చూస్తాను. పెబ్బేరు దగ్గర పెద్ద రోడ్డు మీద అట్లా లేచి చెయ్యి ఊపినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు.

మా నాయన పడింది అక్కడే. ఇరవై ఏండ్లకు పైగా లారీ నడిపిన మనిషి. ముందు పోతున్న బండి ఆగింది, ఈయన ఆగలేకపోయాడు. సీటుకు బెల్టు ఉండేది గానీ దాని మీద తడి తువ్వాల ఆరేసుకునేవాడు. ప్రాణం దక్కింది, కుడి కాలిలో రాడ్డు మిగిలింది. దవాఖానలో తెలివి వచ్చిన రోజే అమ్మ ఆయన చేతిని తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. "ఇగ స్టీరింగ్ ముట్టనని నా మీద ఒట్టెయ్యి" అన్నది. ఆయన వేశాడు.

మా ఇంట్లో ఒట్టంటే ఆటకాదు. చిన్నప్పుడు అమ్మ నాతో బావి దగ్గరికి పోనని ఒట్టేయించుకుంది. ఇప్పటికీ ఎవరి పొలానికి పోయినా బావి కనపడితే అంత దూరం నుంచే చుట్టు తిరిగి పోతాను. దుకాణంలో వాళ్లు నవ్వుతారు, నవ్వనీ. అమ్మ తల మీద చెయ్యి పెట్టి అన్న మాట తప్పితే ఆ తలకు ఏమవుతుందో అన్న భయం ఒకసారి ఒంట్లోకి పోయిందంటే మళ్లీ బయటికి రాదు.

ఒట్టేసిన నాయన ఆ తర్వాత మంచానికీ టీవీకీ మధ్య మిగిలిపోయాడు. నేను నా ఫోన్‌ను టీవీకి కలిపి రేసు పెడితే పక్కన కూర్చుని తన లెక్కలో తను చూసేవాడు. "వానికి హారన్ లేదానే? పక్కకు జరగమని కొట్టరాదు?" అనేవాడు. చక్రాలు మార్చడం చూసి, "నాలుగు టైర్లు గంతల్నే మార్చిండ్రా! మా క్లీనరైతే ముందుగాల చాయ్ తాగొస్తనని పోయెటోడు" అని నవ్వేవాడు. కానీ కారు మలుపు తిరిగేటప్పుడు ఆయన రెండు చేతులూ ఒళ్లో మెల్లగా కదిలేవి. మంచి కాలు నేలను నొక్కేది. నేను అది చూడనట్టు ఉండేదాన్ని.

అమ్మకు సీరియల్. అందులో పెద్ద కోడలు ఆమెకు సొంత బిడ్డ కంటే ఎక్కువ. ఆ కోడలు ఎప్పుడూ చాయ్ ట్రే పట్టుకుని పరదా వెనకాల నిలబడి, వినకూడని మాట వింటుంటుంది. "పాపం, పాలల్ల ఏం కలిపిండ్రో తెల్వక తాగుతున్నది సూడు" అని అమ్మ ముక్కు చీదేది. సీరియల్లో యాక్సిడెంట్ అయితే మనిషి గతం మర్చిపోతుంది. అందరూ ఏడుస్తారు గానీ నాకైతే అది అదృష్టమనిపిస్తుంది. మా నాయనకు అన్నీ గుర్తున్నాయి.

శనివారాలు గొడవయ్యేది. ఆదివారం రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పరుగు శనివారం సాయంత్రం ఉంటుంది, అదే వేళకు సీరియల్. అమ్మే గెలిచేది. అట్లా ఒక శనివారం విసుగొచ్చి, ఆ పెద్ద కోడలిని పరదా వెనకాల నుంచి లాగి రేసు కారులో కూర్చోబెడితే ఎట్లుంటుందని అనిపించింది. అనిపించిందే ఆలస్యం, గీయడం మొదలుపెట్టాను.

ఇలాంటి బొమ్మలు నేను చాలాకాలంగా గీస్తున్నాను. ఫ్యాన్ ఆర్ట్ అంటారట, ఆ పేరు నాకు తర్వాత తెలిసింది. దుకాణంలో పని లేనప్పుడు మౌస్‌తోనే గీసి, పేరు పెట్టుకోకుండా ఒక పేజీలో పెడతాను. ఈ బొమ్మకు కష్టపడ్డాను, ముందు ఇంట్లోనే కాగితం మీద గీసుకున్నాను. కారులో కూర్చున్న ఆడమనిషి భుజాలు ఎట్లుంటాయో, చేతులు ఎక్కడుంటాయో తెలియక మా చెల్లెను కుర్చీలో కూర్చోబెట్టి చేతికి స్టీలు పళ్లెం ఇచ్చాను. "నన్ను కూసోబెట్టి కోడలిని గీస్తున్నవా? జర నా ముక్కన్న పెట్టు అక్కా" అని అది అలిగింది. ముక్కు కనపడదు, హెల్మెట్ ఉంటుందని చెప్పాను. అద్దం పైకెత్తి ఉంటుంది, కండ్లు మాత్రం కనపడతాయి. రేసు దుస్తులకు భుజాల మీది నుంచి నడుము దాకా గద్వాల చీర అంచు వేశాను. గుడి గోపురాల్లా మొనదేలిన కుంభాల వరుస చక్కగా కుదిరింది. బెల్టులు గీస్తే ఆ అంచంతా కప్పేస్తాయని వాటిని వదిలేశాను. దుకాణంలో కంప్యూటర్లో పూర్తిచేసి నా పేజీలో పెట్టాను.

చెల్లెకు పళ్లెం పట్టుకోవడం ఎవరూ నేర్పనక్కర లేదు. దాని చేతులు వాటంతటవే సరైన చోటికి పోయాయి. ఎందుకంటే అది అప్పటికే కారు నడపడం నేర్చుకుంటోంది. ఆ సంగతి అమ్మకు తెలియదు. నాగర్‌కర్నూలులో ఒక ఆడపిల్లల హాస్టల్ వాళ్లు వ్యాన్ నడపడానికి ఆడమనిషి కావాలన్నారు. బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టి మడతపెట్టి విసిగిపోయిన చెల్లె ఆ మాట విని నిద్రపోలేదు. నేర్పింది నాయనే. కాలికి నూనె మర్దన చేసే వైద్యుడి దగ్గరికని ఇద్దరూ గోపాల్‌పేట రోడ్డున పోయేవారు. నాయన పాత స్నేహితుడి కారు అక్కడ ఉండేది. నాయన ఎడమ సీట్లో కూర్చునేవాడు, స్టీరింగ్ ముట్టేవాడు కాదు. ఒట్టు తప్పలేదు కదా అనేవాడు. అమ్మ పాపం నూనె సీసా చేతికిచ్చి పంపేది.

సోమవారం లైసెన్స్ పరీక్ష. అంతదాకా అమ్మకు తెలియకూడదు. తెలిస్తే అరవదు, కొట్టదు, అదే మా భయం. చెల్లె చేతిని తీసుకుని నెత్తి మీద పెట్టుకుంటుంది, అంతే. ఇగ ఈ జన్మకు అది స్టీరింగ్ ముట్టదు. నాకు రెండు భయాలూ ఉన్నాయని ఒప్పుకుంటాను. అమ్మ ఒట్టేయించుకుంటుందేమోనని ఒకటి. వేయించుకోకపోతే అది రోజూ రోడ్డు మీదికి పోతుంది కదా అని ఇంకొకటి. ఏది జరగాలని కోరుకోవాలో తేల్చుకోలేకపోయాను.

పరీక్షకు ముందటి శుక్రవారం నేను దుకాణం నుంచి వచ్చేసరికి మా అరుగు మీద పొదుపు సంఘం ఆడవాళ్లు గుమిగూడి ఉన్నారు. ఎవరికో ఏదో అయిందనుకున్నాను.

"అయ్యో వదినా, మన పెద్దకోడలు సచ్చిపోతదంట" అని పక్కింటామె అమ్మతో అంటోంది. "కారు రేసుల గుద్దుకుంటదంట. ఫొటో గూడ వచ్చింది గ్రూపుల."

తొంగి చూస్తే నా బొమ్మే. కింద ఎవరో ఎర్ర అక్షరాలతో 'పెద్ద కోడలికి ఘోర ప్రమాదం, రేపటి ఎపిసోడ్‌లో' అని చేర్చారు. నేను సరదాకు గీసిన బొమ్మ ఎక్కడెక్కడో తిరిగి, సీరియల్ వాళ్లే వదిలిన ముందస్తు బొమ్మయి మా అరుగు మీదికొచ్చి కూర్చుంది. నవ్వు రావలసిన మాటే. కానీ ఫోన్ అమ్మ చేతిలో ఉంది.

"గామెకు కారు నడప యాడొస్తది?" అన్నది అమ్మ. "ఇన్నొద్దులు చాయ్ ట్రే తప్ప ఏం పట్టలే." అని రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. కండ్ల దగ్గర ఆగింది.

అప్పుడు నాకు తట్టింది. చెల్లె ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న గాటు ఉంటుంది. చిన్నప్పుడు మంచం పట్టె తగిలి తెగింది, అక్కడ మళ్లీ వెంట్రుకలు రాలేదు. ఎదురుగా కూర్చున్నదాన్ని చూసి గీస్తూ ఆ గాటు కూడా గీసేశాను. "ఛార్జింగ్ పెడత, ఫోన్ ఇయ్యి" అన్నాను. "సగం కంటే ఎక్కువున్నది" అన్నది అమ్మ, తల ఎత్తకుండానే.

నా పేజీలోంచి బొమ్మ తీసేశాను. ఏం లాభం, అప్పటికే అది ఊరందరి ఫోన్లలో ఉంది. చెల్లెకు చెప్తే అది గోడకు ఆనుకుని కూలబడింది. "మూడొద్దులు ఆగితే ఏం పోయేదక్కా నీ బొమ్మ?" అన్నది. నాయన మంచం మీద ఆ పక్కకు తిరిగి పడుకున్నాడు. అమ్మ మాత్రం ఎప్పటిలాగే జొన్నరొట్టెలు కాల్చింది, ఎప్పటిలాగే అందరికీ పెట్టింది. ఆమె ఒక్క మాట అన్నా బాగుండేది. గిన్నె కింద పెట్టిన చప్పుడుకు కూడా నేను ఉలిక్కిపడ్డాను.

మరుసటి రోజు శనివారం. సీరియల్ వేళకు మా ఇల్లు నిండిపోయింది. పెద్ద కోడలు కారెక్కలేదు. పరదా వెనకాల నిలబడింది, ట్రే కింద పడేసింది, అయిపోయింది. "గంతేనా, అంతా వట్టిదే!" అని ఆడవాళ్లు ఒకరినొకరు తిట్టుకుంటూ, లోపల సంతోషపడుతూ వెళ్లిపోయారు. నేనూ లేవబోయాను.

"కూసో" అన్నది అమ్మ. నాయన టీవీ గొంతు తగ్గించాడు.

"గీ బొమ్మ నువ్వే గదా గీసింది?"

నేను చున్నీ కొస నోటి దాకా తీసుకుపోయాను.

"టీవీల కోడలికి కనుబొమ్మ మీద గాటు యాడికెల్లొచ్చింది? నెత్తురు కారుతుంటే పసుపు అద్దింది నేను. నాకు తెల్వదా?" చెల్లె తలుపు దగ్గర నిలబడిపోయింది. అమ్మ దాని వైపు చూడకుండానే అన్నది: "మర్దనకని పోతరు, నూనె సీస పోయినంత నిండుగనే తిరిగొస్తది. ఎన్నొద్దుల సంది సూస్తున్న. అడిగితే ఒట్టేయించుకోవాల్సొస్తదని అడుగలే."

ఆ మాటకు నాయన తల ఎత్తాడు. ఆమెకు తెలిసి, భయపడుతూ, రోజూ సీసా చేతికిచ్చి పంపింది. నేనొక్కదాన్నే భయపడుతున్నాననుకున్నాను, ఎంత గర్వం నాది!

"ఇటు రా" అన్నది అమ్మ చెల్లెతో.

అది వచ్చి ముందర కూర్చుంది. అమ్మ దాని కుడి చేతిని పట్టుకుంది. నెత్తి మీద పెట్టుకుంది. అయిపోయింది అనుకున్నాను. చెల్లె కండ్ల నిండా నీళ్లు, చేయి వెనక్కి లాక్కుందామని చూస్తోంది గానీ అమ్మ వదలడం లేదు.

"బెల్టు పెట్టుకోనిది బండి కదిలియ్యనని ఒట్టెయ్యి."

చెల్లెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత ఏడుస్తూనే, "ఒట్టు" అన్నది.

"బండి మొత్తం ముట్టొద్దని అనుకున్న" అన్నది అమ్మ, నాయన వైపు చూస్తూ. "పొద్దంత గదే అనుకున్న. కానీ ఒక మనిషిని గట్ల కూసోబెట్టింది సాలు." నాయన తన రెండు చేతులను చూసుకున్నాడు, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు తొడల మీద పెట్టుకున్నాడు.

సోమవారం చెల్లె పరీక్షకు పోతుంటే నేను గేటు దాకా పోయాను. దాని ఫొటోలు నా దగ్గర ఎన్ని ఉన్నాయో ఆ రోజు కూడా మనసులోకి వచ్చింది, ఎంత తోసినా పోలేదు. అది పోయాక అమ్మ నా దగ్గరికి ఫోన్ పట్టుకొచ్చింది.

"నీ బొమ్మల బెల్టేది?"

అంచు కనపడదని గీయలేదని చెప్పాను. అమ్మ నా ముఖం వైపు చూసింది. ఆ మధ్యాహ్నం దుకాణంలో పాత ఫైలు తెరిచి, భుజాల మీది నుంచి రెండు, నడుము చుట్టూ ఒకటి, నల్లటి బెల్టులు గీశాను. కుంభాలు సగానికి పైగా కనపడకుండా పోయాయి. అమ్మకు పంపాను.

రెండు వేళ్లతో పెద్దది చేసి చూస్తుంటుందని నాకు తెలుసు. తర్వాత వాయిస్ మెసేజ్‌లో ఆమె గొంతు వచ్చింది.

"ఇంగ జర బిగించు."