చల్లటి బండలు

మా వీధి కొళాయిని తీసేస్తారన్న మాట మొదట పెద్దింటామె నోటి నుంచే విన్నాను. ప్రొద్దుటూరు కొత్తగా పైపు నీళ్లు చూస్తున్న రోజులవి. రాజధాని ఇంకా కర్నూలే. వదిలిన నీళ్లకూ అందిన నీళ్లకూ పొంతన లేదని, నీళ్లు మా వీధిలోనే పోతున్నాయని మునిసిపల్ ఆఫీసులో తేల్చారట. వీధిలో మీటరున్న ఇల్లు ఆమెదొక్కటే. దాని ముల్లు కదలడమే అరుదు. కాబట్టి దోషం మాది.

"బిందెలు తోమేది ఈడే, పిల్లోళ్ల ముడ్లు కడిగేది ఈడే. నీళ్లు యాడ నిలుస్తాయి?" అంది గడపలో నిలబడి. తర్వాత నా మీదికి తిరిగింది. "ఈ పిల్లను సూడండి, బిందె పెట్టి పుస్తకం చదువుతాంటాది. దీన్ని చేసుకునేటోడు దప్పికతో సావాల్సిందే."

అందరూ నవ్వారు. అమ్మ కూడా తల వంచుకుని నవ్వింది. అదే నన్ను కాల్చింది. కొళాయి పోతే పెన్నలో చెలమ తోడి అంత దూరం మోయాల్సింది అమ్మే. అప్పటికే ఆమె నడుం వంగింది.

నలుగురిలో నాకు నోరు పెగలదు. డైరీలో మాత్రం పెద్దింటామెను తనివితీరా శపించాను.

మా వీధంతా కడప బండల పరుపు. ఎండాకాలం మధ్యాహ్నం వట్టి కాళ్లతో దాటాలంటే గెంతాల్సిందే. ఒకరోజు అలా గెంతుతూ పెద్దింటి గోడ దగ్గర ఆగిపోయాను. ఎండ నెత్తి మీదే ఉంది, కాలు మాత్రం కాలలేదు. పక్క బండా అంతే. ఆ చల్లదనం వెంట అడుగులేస్తూ పోయాను. ఒక కొస వీధి మధ్య పెద్ద పైపు దగ్గర ఆగింది. రెండో కొస మీటరు పెట్టెకు దూరంగా, వాళ్ల పెరటి గోడ కిందికి పోయింది. రాతినేల తవ్వలేక బండల కిందే దొంగ పైపు పరిచారు.

ఎవరికీ చెప్పలేదు. కాచుకున్నాను.

కొళాయి తీయడానికి ఓవర్సీరు, ఫిట్టరు మిట్టమధ్యాహ్నం వచ్చారు. పెద్దింటామె వాళ్లకు మజ్జిగ పట్టుకుని నిలబడింది. నేను పోయి ఆ బండ మీద వట్టి కాళ్లతో, కదలకుండా నిలబడ్డాను.

"ఏం పాపా, కాళ్లు సుర్రనలేదా?" అన్నాడు ఫిట్టరు.

"లేదు మామా. నువ్వూ చెప్పులిడ్సి సూడు."

అతను ఒక కాలు పెట్టాడు, తర్వాత రెండోది. "సారూ, ఇది శానా చల్లగుందే!" అంటూ గడ్డపార అందుకున్నాడు.

"మా వాకిలి తవ్వేదానికి మీరెవురప్పా?" అరిచిందామె.

"ఇది వీధమ్మా," అన్నాడు ఓవర్సీరు.

బండ లేచింది. కింద బురద, బురదలో కారుతున్న పైపు అతుకు.

దొంగ పైపుతో పాటు వాళ్ల కొళాయీ కోసేశారు. మాది నిలిచింది. కొన్నాళ్లకు ఆమె ఇత్తడి బిందెతో నా వెనక నిలబడింది. నేను ధార సన్నం చేశాను.

"రవ్వంత జోరుగా తిప్పమ్మా, ఎండ."

"నీళ్లు కింద పోతాయి పెద్దమ్మా. మళ్లీ మా మీదకే వస్తాది."

అమ్మ వద్దన్నట్టు నా భుజం తట్టింది. నేను మా రెండో బిందె పెట్టాను.