పెరుగన్నం తర్వాత టోస్టు

ఆ రోజుల్లో బందరులో కుర్రాడెవడైనా నల్లకోటు కుట్టించుకున్నాడంటే ప్లీడరీ అయినా పాసై ఉండాలి, పెళ్ళయినా కుదిరి ఉండాలి. నాకు రెండూ కాలేదు. మేసన్ల లాడ్జీలో చేరాను. (గదులు అద్దెకిచ్చే లాడ్జీ అనుకునేరు. ఇది దొరల కాలం నుంచి వస్తున్న పెద్దమనుషుల సోదర సంఘం. సభ జరిగేటప్పుడు తలుపులు మూసుకుంటారు కాబట్టి ఊళ్ళోవాళ్ళు ఆ భవనాన్ని దెయ్యాల మేడ అనేవారు.) లోపల జరిగింది బయట చెప్పకూడదని నియమం. అంచేత కోనేరు సెంటర్లో టీ తాగుతూ నా స్నేహితులకి చెప్పినవన్నీ నేను సొంతంగా కల్పించినవే. శవపేటికలో పడుకోబెట్టారన్నాను, పుర్రెలో పాలు పోసి తాగించారన్నాను. నిజానికి చేరిన రోజు నన్ను భయపెట్టింది నా కోటొక్కటే. గుడివాడ దర్జీ దాన్ని చంకల దగ్గర ఎంత బిగించాడంటే, చెయ్యెత్తినప్పుడల్లా ఎక్కడో దారం తెగిన చప్పుడయ్యేది.

సభ రహస్యం గానీ, సభ తర్వాత జరిగే విందు రహస్యం కాదు. అది మాత్రం ధైర్యంగా చెప్తాను. పొడుగాటి బల్ల చుట్టూ అందరూ కూర్చుంటారు. నడుమ మాస్టరు, అంటే ఆ ఏటి సంఘాధ్యక్షుడు, చెరో చివర ఆయనకి సాయంగా ఒక వార్డెను. ముగ్గురి ముందూ తలొక చెక్క సుత్తి. మధ్యమధ్యలో మాస్టరు ఒకరి పేరు తలుస్తాడు, అందరూ లేచి గ్లాసులెత్తి గుక్కెడు తాగుతారు. దాన్ని టోస్టంటారు. తాగాక అడుగు మందంగా ఉండే ఆ గ్లాసుల్ని అందరూ ఒక్కసారిగా బల్లమీద కొట్టాలి. తుపాకులు పేలినట్టుండాలట. అవి మద్యనిషేధం రోజులు కాబట్టి మా తుపాకుల్లో నన్నారి షర్బత్ ఉండేది. ఆ బల్ల దగ్గర మతం మాట, రాజకీయం మాట ఎత్తకూడదన్నది ఇంకో నియమం. కృష్ణా జిల్లా మగవాళ్ళని రాజకీయం మాట్లాడొద్దంటే ఇంకేం మిగుల్తుంది చెప్పండి? రొయ్యల చెరువులూ, తుఫాన్లూ. అవే మాట్లాడుకునేవాళ్ళం.

ఆ ఏడు మాస్టరు కావలసింది మా డాక్టరుగారు. దివిసీమ మనిషి, అవనిగడ్డ నుంచి వచ్చి బందరులో ఆస్పత్రి పెట్టాడు. ఎడమచేతివాటం. ప్రతి విందులోనూ ఎడమచేత్తో గ్లాసెత్తేవాడు, పక్కన కూర్చునే ప్లీడరు మావయ్య ప్రతిసారీ "కుడిచెయ్యి, డాక్టరూ, కుడిచెయ్యి!" అని మోచేత్తో పొడిచేవాడు. (ప్లీడరు మావయ్య నాకు చుట్టమేం కాదు. ఊరందరికీ మావయ్యే.) ఇద్దరూ చిన్నప్పటి స్నేహితులు. మాస్టరు కుర్చీ ఎక్కడానికి కొద్ది నెలల ముందు డాక్టరుగారు గుండెపోటుతో పోయాడు. ఆ కుర్చీ ప్లీడరు మావయ్యకి వచ్చింది.

కుర్చీ ఎక్కిన రోజు విందుకి ఏర్పాట్లు చూసే స్టీవార్డుని నేనే. మావయ్య నన్ను వరండాలోకి పిలిచి, "ఒరే అబ్బాయ్, కూరలో ఉప్పెక్కువైనా నేనేమనుకోను. ఆఖరి టోస్టు మన మధ్య లేనివాళ్ళకి. అదొక్కటి మర్యాదగా జరగాలి. ఈ కుర్చీ వాడిదిరా" అన్నాడు. "మీకెందుకు మావయ్యా, నేనున్నాగా" అన్నాను. ఆ మాట నా నోట వచ్చిందంటే ఏదో మునగబోతోందని ఈ వయసులో తెలుసు, అప్పుడు తెలీదు.

వంటకి గూడూరు బాబాయిని మాట్లాడాను. పెళ్ళిళ్ళలో వెయ్యిమందికి వండిన చెయ్యి. టోస్టు జరిగేటప్పుడు వడ్డించేవాళ్ళు లోపల తిరగకూడదు, తలుపులు దగ్గరకేసి ఉంటాయి. కాబట్టి తెలివిగా, "బాబాయ్, లోపల సుత్తి దెబ్బ వినపడగానే తర్వాతి ఐటం పంపించు. దెబ్బకొక ఐటం" అన్నాను. ఆయన తలూపాడు.

ఆ సాయంత్రం హాలంతా షాండ్లియర్ల వెలుగులో మెరిసిపోయింది, మూడొందలమంది సూట్లలో కూర్చున్నారు. (సరే, ముప్పైమంది. షాండ్లియరు కూడా లేదు, ట్యూబులైట్లే, ఒకటి కొట్టుకుంటూ ఉంది.) మద్రాసు నుంచి మా శాఖల పెద్దాయన ఒకరు ముఖ్య అతిథిగా వచ్చాడు. మావయ్య ఠీవిగా సుత్తితో ఒక్కటి కొట్టాడు. ఆచారం ప్రకారం ఈ చివర వార్డెను ఒకటి కొట్టాడు, ఆ చివర వార్డెను ఒకటి కొట్టాడు. అప్పుడు తట్టింది నాకు, ఒక దెబ్బంటే మూడు దెబ్బలని. తలుపులు తెరుచుకుని టమాటా సూపూ, గారెలూ, పులిహోరా ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. పెద్దాయన సూపు చెంచా పట్టుకునేలోపే ఆయన ఆకులో పులిహోర పడింది. మొదటి టోస్టుకి మావయ్య మళ్ళీ కొట్టాడు. అన్నంపప్పూ, గుత్తివంకాయా, పులుసూ వచ్చాయి. నేను వంటింటివైపు పరిగెత్తబోతుంటే, టోస్టు తాగినవాళ్ళంతా గ్లాసులు బల్లమీద ఫెడీఫెడీమని కొట్టారు. అవతల్నుంచి బాబాయి గొంతు వినపడింది. "అమ్మో, ఆవురావురుమంటున్నార్రా! ఉన్నదంతా పట్టుకెళ్ళండి!"

బొబ్బట్లు, లడ్లు, అప్పడాలు, ఆపైన గడ్డపెరుగు. ఇంగ్లీషు మర్యాదలు ఎంత నేర్చుకున్నా, ఆకులో పెరుగు పడ్డాక తెలుగువాడికి భోజనం అయిపోయినట్టే. కలిపారు, తిన్నారు, చేతులు కడుక్కోవడానికి బయల్దేరారు. కడుక్కున్నవాడు మళ్ళీ బల్ల దగ్గరికి రాడు, చెప్పుల దగ్గరికి పోతాడు. మావయ్య కుర్చీలోంచి నావైపు చూశాడు. తిట్టుంటే బాగుండేది. ఆఖరి టోస్టు ఇంకా మిగిలే ఉంది.

నేను పెరట్లోకి పరిగెత్తి ట్యాంకు వాల్వు కట్టేశాను. బందరులో కుళాయి రాకపోతే ఎవరికీ అనుమానం రాదు. "నీళ్ళు లేవండీ, అయిదు నిమిషాల్లో వస్తాయి, కాసేపు కూర్చోండి" అన్నాను. బాబాయి చెంబు పట్టుకుని రాబోతే గుమ్మంలో అడ్డుపడ్డాను. "చేతులు ఎండిపోతున్నాయండీ పాపం!" అంటాడాయన. "ఎండనీ బాబాయ్!" అంటాను నేను.

అందరూ పెరుగు చేతుల్ని గాల్లో పెట్టుకుని వెనక్కొచ్చి కూర్చున్నారు. మావయ్య లేచాడు. "మన మధ్య లేనివాళ్ళకి" అన్నాడు. అందరూ లేచారు. కుడిచేతులు ఎంగిలి, కాబట్టి బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా, మద్రాసు పెద్దాయనతో సహా, అందరూ ఎడమచేతులతో గ్లాసులెత్తారు.

మావయ్య తన ఎడమచేతికేసి చూసుకున్నాడు. బల్ల పొడుగునా చూశాడు. తర్వాత ఖాళీగా ఉన్న పక్క కుర్చీవైపు తిరిగి, "సరే డాక్టరూ, నువ్వే గెలిచావు" అని పకపకా నవ్వాడు. నవ్వుతూనే పెరుగు చేతి వెనకభాగంతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రాత్రి గ్లాసుల దెబ్బకి బందరు కోట గోడలు అదిరాయి. (అదరలేదు. ఒక గ్లాసు పగిలింది, నాదే. నా కోటు చంక కూడా చిరిగింది.)

ఆ ఎడమచేతుల ఆలోచన నాదేనని చాలా ఏళ్ళు చెప్పుకుని తిరిగాను. నాది కాదు. వాళ్ళు వెళ్ళిపోతే మావయ్య మొహం చూడలేనన్న భయంతో వాల్వు కట్టేశాను, అంతే. బాబాయి మాత్రం చివరిదాకా, "అన్ని దెబ్బలు కొట్టారుగదండీ, ఎంత ఆకలిమీదున్నారో అనుకున్నా" అనేవాడు.

ఇప్పుడు మావయ్యా లేడు, బాబాయీ లేడు. నేను ఇంట్లో రోజూ భోజనం చివర మజ్జిగ గ్లాసు ఎడమచేత్తో ఎత్తి, తాగి, బల్లమీద ఒక్కటి కొడతాను. (రోజూ అన్నది గొప్పకి. వాళ్ళు గుర్తొచ్చినప్పుడే. కాకపోతే ఈమధ్య రోజూ గుర్తొస్తున్నారు.) ఆ చప్పుడు విని మా ఆవిడ వంటింట్లోంచి, "ఇంకేం కావాలండీ, అన్నీ అయిపోయాయిగా!" అంటుంది. ఏమీ వద్దంటాను. అయినా వచ్చి ఆకలి లేని నా కంచంలో ఇంకో గరిటెడు పెరుగు వేసి పోతుంది.