చిన్నాయన కొలత

నిన్న సోమందేపల్లె దగ్గర హైవే మీద, పెళ్లికొడుకు కోసం పొడవు పెంచిన తెల్లకారు ఒకటి చూశాను. అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. నా ముక్కుకు మాత్రం గ్యాస్ కట్టర్ వాసన కొట్టింది.

గుత్తిలో మా నాయన వెల్డింగ్ షెడ్డు గుర్తుందా మీకు? పాత జీపును నడిమికి కోసి, మధ్యలో రేకు అతికించి శవాల బండి చేశాడు, అదే! చచ్చినోడు కాళ్లు ముడుచుకోకూడదనేవాడు. అందుకని కొలత కోసం, ఊళ్లో అందరికన్నా పొడుగైన మా చిన్నాయనను నేలమీద పడుకోబెట్టాడు.

"బతికుండే తమ్మున్ని శవానికి కొలుస్తావేంరా!" అని మా అవ్వ తిట్టిపోసింది. చిన్నాయన పడుకునే నవ్వాడు.

నెల తిరక్కుండానే ఊరి కక్షల్లో ఆయన్ని వేటకొడవళ్లతో నరికేశారు. ఆ బండి మొదట మోసింది ఆయన్నే. సరిగ్గా సరిపోయాడు.

శ్మశానం నుంచి వస్తూనే నాయన బండిని మళ్లీ కోశాడు. అతికిన రేకంతా పీకి, సుత్తితో చితక్కొట్టి, జీపును మునుపటంత చేశాడు.

కొన్నాళ్లకు చంపినవాళ్ల ఇంట్లో చావు జరిగింది. వాళ్ల మనిషి షెడ్డుకొచ్చి, "అన్నా, బండి కావల్ల" అన్నాడు.

నాయన చేతిలో కట్టర్ ఆర్పలేదు. "బండి పొట్టిగా ఉండాదప్పా. మీవాని కాళ్లు నరికి తేపో, పడతాడు."

ఆరోజు అవ్వ నాయనను ఒక్క మాట తిట్టలేదు.